గుడ్డలో దోషం – నల్లాలో దోషం
(షోలాపూర్ పూర్వ భాగంలోని ఒక కార్మిక వసతి సొసైటీ సర్వసభ్య సమావేశంలో యూనియన్ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నేను బోనస్ గురించి మాట్లాడటం లేదు. పగారు గురించి కూడా కాదు. నల్లాల గురించి, టాకీల గురించి, బకెట్ల గురించి మాట్లాడమని సొసైటీ కమిటీవారు చెప్పారు. "యూనియన్ మనిషికి నల్లాతో పనేమిటి?" అని వెనక వరుసలో ఒకరు అనడం నాకు వినబడింది. న్యాయమైన ప్రశ్నే. పని ఉంది. నా మాటలు పూర్తయ్యేసరికి మీరే ఒప్పుకుంటారు. ఎందుకంటే నేను చెప్పబోయేది ఎవరో చేసిన తప్పు కాదు. మనం చేసిన తప్పు, అందులో నా వంతు ఎక్కువ.

2024 ఎండాకాలం మీ అందరికీ గుర్తే. అంతకు ముందు ఏడు వానలు సరిగా లేవు. వేసవి ముదరక ముందే ఉజనీ మైనస్‌లోకి పోయింది. మైనస్ అంటే ఏమిటో మన పిల్లలు కూడా చెబుతారు. ఉజనీ డ్యాములో దాదాపు 117 టీఎంసీల నీళ్లు పడతాయి. అందులో మామూలుగా వాడుకోవడానికి వీలైనవి 53 టీఎంసీల పైచిలుకు. మిగిలినవి అడుగున ఉండే నిలవ నీళ్లు. పై నీళ్లు అయిపోయి అడుగు నీళ్లకు చేరితే దాన్ని మైనస్ అంటారు. ఆ అడుగు నీళ్లనే మనం ఆ ఏడు తాగాం. డ్యాము నుంచి మన ఊరికి నూరు కిలోమీటర్లకు పైగా దూరం. పైపులో కొంత వచ్చేది, భీమా నదిలోకి వదిలితే ఇంకొంత వచ్చేది. నదిలో వదిలిన నీళ్లు దారిలో ఇంకిపోయేది ఇంకిపోగా, ఆవిరయ్యేది ఆవిరి కాగా మిగిలింది మనకు చేరేది. ఏళ్ల తరబడి మన పేటల్లో నాలుగు రోజులకొకసారి నల్లా వచ్చేది. ఎండలు ముదిరితే ఐదో రోజు, ఆరో రోజు.

నీళ్ల కోసం మనం ఊరకే కూర్చోలేదు. ఖాళీ బిందెలతో మహాపాలిక ముందు మోర్చా తీశాం. అది మన హక్కు. రేపు అవసరమైతే మళ్లీ తీస్తాం. కానీ సోదరులారా, ఆ ఏడు ఆగస్టులో భీమాకు వరద వచ్చింది. ఉజనీ నిండింది, గేట్లెత్తారు. మనం పేపర్లో ఫోటో చూసి సంతోషపడ్డాం. నల్లా పాళీ కూడా కాస్త దారికొచ్చి, లెక్కగా నాలుగు రోజులకొకసారి సంపు నిండుతోంది. అయినా మన బిల్డింగు టాకీ మూడో రోజు సాయంత్రానికే గుడగుడమంటోంది. డ్యాము నిండినా మన టాకీ ఎందుకు ఖాళీ? ఆ ప్రశ్న మనం అప్పుడు వేసుకోలేదు. అంతకు ముందే ఆ ప్రశ్నకు ఒక జవాబు తయారు చేసి పెట్టుకున్నాం. ఆ జవాబు తప్పు.

ఏమిటా జవాబు? కింది అంతస్తులో అద్దెకున్న కుటుంబం. ఒకే ఇంట్లో తొమ్మిది మంది. తండ్రి, ఇద్దరు కొడుకులు టవళ్ల కార్ఖానాలో పని. ఆడవాళ్లు బీడీలు చుడతారు. "తొమ్మిది మంది ఉంటే నీళ్లెక్కడ మిగుల్తయి?" అని పై అంతస్తువాళ్లు అన్నారు. "కింది వాళ్లకు ప్రెషర్ ఎక్కువ, పైకి రాకముందే లాగేసుకుంటరు" అన్నారు. ఎండాకాలంలో బిందెల దగ్గర మొదలైన మాట కొంగులు పట్టుకునేదాకా వచ్చింది. మే నెలలో కమిటీ కూర్చుంది. ఆ కుటుంబానికి పైటాకీ నీళ్లు నెల రోజులు బంద్ చేయాలని, అప్పటికీ ఫరక్ కనబడకపోతే గది ఖాళీ చేయించమని యజమానికి చెప్పాలని తీర్మానం చేసింది. ఆ తీర్మానం రాసింది ఎవరో కాదు, నేనే. చేతిరాత బాగుంటుందని నాకు కలం ఇచ్చారు. నేను రాశాను, సంతకం కూడా పెట్టాను.

ఆ నెలంతా ఆ ఇంటి కోడలు గల్లీ చివరి బోరు దగ్గర రోజుకు రెండు గంటలు నిలబడింది. రెండు గంటలంటే రెండు వందల బీడీలు. బీడీకి కూలి వెయ్యికి లెక్కన ఇస్తారు. నిలబడ్డ గంటలకు ఎవరూ ఇవ్వరు.

నెల గడిచింది. ఫరక్ కనబడలేదు. టాకీ అప్పుడూ మూడో రోజే ఖాళీ అయింది. దానికి మనం ఏమన్నాం? "రాత్రి పూట దొంగతనంగా పట్టుకుంటున్నట్టున్నరు" అన్నాం. యజమాని ఊళ్లో లేడు కాబట్టి గది మాట అప్పటికి ఆగింది. అంతే తప్ప మన న్యాయబుద్ధి వల్ల ఆగలేదు. తీర్మానం మాత్రం పుస్తకంలో అలాగే ఉంది.

నూలి పున్నమికి మార్కండేయుని రథం చూసి వస్తుంటే మన బిల్డింగులోని ఒక పెద్దమ్మ, నలభై ఏళ్లు బీడీలు చుట్టిన మనిషి, నన్ను ఆపి అడిగింది: "అన్నా, గుడ్డల దోషం వస్తే నువ్వు ముందుగాల ఎవరిని చూస్తవు? మనిషినా, సాంచానా?"

నేను "సాంచానే" అన్నాను.

"మరి నీళ్ల కాడ మనిషిని చూస్తివేంది?" అన్నది.

అంతే. ఇంకో మాట అనకుండా నడిచిపోయింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సోదరులారా, ఈ ఊళ్లో 1877లో మిల్లు లేచినప్పటి నుంచి మనవాళ్లు పడ్డ బాధల్లో ఒకటి జరిమానా. గుడ్డలో దోషం వస్తే నేసినవాడి పగారులో కోత. భీములో పోగు కుళ్లినా, సైజింగ్ సరిగా లేకపోయినా, సాంచా అరిగిపోయినా కోత మాత్రం కార్మికుడికే. దాని మీద మన పెద్దలు ఎన్ని కొట్లాటలు చేశారు! "ముందు సాంచా చూడండి, నూలు చూడండి, ఆ తర్వాతే మనిషి మాట ఎత్తండి" అన్నది మన యూనియన్ నేర్పిన మొదటి పాఠం. ఆ పాఠం కార్ఖానాలో చదివి ఇంటికొచ్చి మరిచిపోయాం. ఇంటి దగ్గర మనమే జాబర్లమయ్యాం, మనమే జరిమానా వేశాం.

నూలి పున్నమి దాటిన వారం, సెలవు రోజు రాత్రి, నలుగురం టాకీ ఎక్కాం. చేసిన పని చాలా సులభం. దాన్ని వివరంగా చెబుతాను, మీరు మీ బిల్డింగుల్లో చేయాలి కాబట్టి.

మన పైటాకీ అడుగు కొలిస్తే రెండున్నర మీటర్ల పొడుగు, రెండు మీటర్ల వెడల్పు. అంటే ఐదు చదరపు మీటర్లు. నీటి మట్టం ఒక సెంటీమీటరు దిగితే 50 లీటర్లు పోయినట్టు. రాత్రి పదకొండింటికి మోటారు బంద్ చేశాం. ఒక కర్రకు సుద్దముక్కతో గీత గీసి మట్టం గుర్తు పెట్టాం. ఉదయం ఐదింటిదాకా ఎవరూ నల్లా విప్పవద్దని ఇంటింటికీ చెప్పాం. అవసరానికి బకెట్లు ముందే నింపుకోమన్నాం. ఐదింటికి మళ్లీ కర్ర దింపాం. మట్టం తొమ్మిది సెంటీమీటర్లు దిగింది. ఆరు గంటల్లో 450 లీటర్లు. బిల్డింగంతా నిద్రపోతుంటే గంటకు 75 లీటర్లు తాగింది ఎవరు?

తెల్లారి టార్చి లైటు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం. దొంగలు దొరికారు. కింది సామూహిక మరుగుదొడ్లో ఫ్లష్ డబ్బా లోపలి రబ్బరు పాడై నీళ్లు సన్నగా గోడ వెంట జారుతున్నాయి. చప్పుడు లేదు, కంటికి కనబడదు. ఆ డబ్బాలో కొంచెం పసుపు నీళ్లు పోసి అరగంట ఆగితే కింద తొట్టిలో పసుపు కనబడింది. ఎనిమిది ఇళ్లలో నల్లాలకు వాషర్లు పోయాయి. వాటి కింద గిన్నె పెడితే ఒక్కోటి గంటకు రెండు మూడు లీటర్లు. టాకీ అడుగున కడగడానికి పెట్టిన వాల్వు సరిగా మూతపడక డాబా మీద పాకుడు పట్టింది. ఆ పాకుడు రెండేళ్లుగా అందరం చూస్తున్నదే. వడియాలు ఎండబెట్టుకునేవాళ్లు దాన్ని తప్పించుకుని నడిచేవాళ్లు. పిల్లలు జారిపడితే తల్లులు పిల్లల్నే కోప్పడ్డారు.

ఇప్పుడు లెక్క వినండి. గంటకు 75 లీటర్లంటే రోజుకు 1,800 లీటర్లు. మన బిల్డింగులో 24 ఇళ్లు, సుమారు 120 మంది. సంపు 20 వేల లీటర్లు. నాలుగు రోజులకు పంచితే మనిషికి రోజుకు 41 లీటర్లు. ఊళ్లో నీళ్లు సరఫరా చేసేటప్పుడు మనిషికి 135 లీటర్లు ఉండాలని సర్కారు లెక్క. మనకు అందులో మూడో వంతు కూడా కాదు. ఆ 41లోంచి లీకుకు పోయింది మనిషికి 15 లీటర్లు. అంటే రోజుకొక బకెట్. మనం 41 అనుకుని బతుకుతున్నాం, చేతికొచ్చింది 26.

ఇక ఆ తొమ్మిది మంది మాట. వాళ్లు ఊరు విడిచిపోయి ఒక్క చుక్క ముట్టకపోయినా మనకు మిగిలేది రోజుకు 240 లీటర్లు. వాషర్లు, రబ్బర్లు మింగింది 1,800. మనం 240 మీద కక్ష కట్టి 1,800ను వదిలిపెట్టాం. ఎందుకని? తొమ్మిది మంది మనుషులు కంటికి కనబడతారు. రబ్బరు ముక్క కనబడదు. మనిషిని తిట్టడానికి నోరు చాలు. రబ్బరు మార్చడానికి స్క్రూడ్రైవరు పట్టుకోవాలి.

ప్లంబరును పిలిచి ఒక పూటలో అన్నీ బాగు చేయించాం. ఒక్కో వాషర్ ధర చాయ్ ధర అంత. వారం తర్వాత మళ్లీ రాత్రి కొలిస్తే మట్టం ఒక సెంటీమీటరు దిగింది. తొమ్మిది నుంచి ఒకటి. ఆ తర్వాతి సమావేశంలో ఆ కుటుంబం ముందు నిలబడి నేను క్షమాపణ చెప్పాను. తీర్మానం కొట్టేసి పక్కన మళ్లీ సంతకం పెట్టాను. ఒక నెల మెయింటెనెన్స్ మాఫీ చేశాం. ఆ కోడలు పోగొట్టుకున్న కూలికి అది సరిపోలేదు. సరిపోయిందని మనం అనుకోకూడదు కూడా.

ఇక ఇళ్లలో సంగతి. ముందే చెబుతున్నాను, అక్కచెల్లెళ్లకు పొదుపు నేర్పడానికి నేను రాలేదు. బిందె మోసినవాళ్లకు నీటి విలువ మోయనివాడు చెప్పడం తప్పు. ఈ మాటలు ముఖ్యంగా మగవాళ్లకు. నల్లా విప్పి పెట్టి గడ్డం గీసుకునేది ఎవరు? మన నల్లా కింద 15 లీటర్ల బకెట్ పెడితే రెండు నిమిషాల్లో నిండుతుంది. నాలుగు నిమిషాలు గడ్డం గీసుకుంటే రెండు బకెట్లు మోరీలోకి పోయినట్టు. చెంబు పెట్టుకుంటే ఒక్క చెంబుతో అయిపోతుంది. బకెట్ స్నానానికి 15, 20 లీటర్లు చాలు. కొత్త ఇళ్లలో ముచ్చటపడి బిగించుకున్న షవరు కింద ఐదు నిమిషాలు నిలబడితే 50 లీటర్లు అలవోకగా పోతాయి.

మన పనిలో ఉన్న తెలివిని ఇంటికి తెచ్చుకుంటే చాలు. రంగుల కార్ఖానాలో పనిచేసినవాళ్లకు తెలుసు: ఒక కిలో నూలుకు రంగు వేసి కడగడానికి యాభై లీటర్ల నుంచి వంద దాటిదాకా నీళ్లు పడతాయి. బాగా నడిపే కార్ఖానాలో చివరి కడుగు నీళ్లు పారబోయరు. అవి దాదాపు శుభ్రంగానే ఉంటాయి. వాటితో తర్వాతి విడత నూలుకు మొదటి కడుగు కడుగుతారు. ఇంట్లోనూ అదే వరుస. బట్టల చివరి జాడింపు నీళ్లు రేపటి బట్టలు నానబెట్టడానికో, మరుగుదొడ్డికో పనికొస్తాయి. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు చెట్టుకు పోయవచ్చు. ఫిల్టరు మిషన్ పెట్టుకున్న ఇళ్లలో ఒక లీటరు మంచినీళ్లు వచ్చేలోపు రెండు మూడు లీటర్లు పక్క పైపులోంచి వృథాగా పోతాయి. ఆ పైపు కింద బకెట్ పెట్టండి. ఇల్లు తుడవడానికి, ఫ్లష్‌కు ఆ నీళ్లు బాగా సరిపోతాయి. పాత ఫ్లష్ డబ్బాలు ఒక్క లాగుకు పది పన్నెండు లీటర్లు వదులుతాయి. ఒక లీటరు సీసాలో ఇసుక నింపి మూత బిగించి డబ్బాలో నిలబెడితే ప్రతిసారీ ఒక లీటరు మిగులుతుంది. డబ్బా మార్చే రోజు వచ్చినప్పుడు రెండు మీటలున్నది కొనండి. చిన్న మీటకు మూడు లీటర్లు, పెద్దదానికి ఆరు లీటర్లు పోతాయి.

ఇంకొక అలవాటు గురించి కొంచెం గట్టిగా మాట్లాడాలి. నల్లా వచ్చే రోజు పొద్దున మన గల్లీ మోరీలు చూడండి, వాగులా పారుతుంటాయి. ఎందుకు? నిన్నటి నీళ్లు పాసిపోయాయని డ్రమ్ములు వంచి పారబోసి, కొత్త నీళ్లు పట్టుకుంటాం. నాలుగు రోజులు ఏడ్చి దాచుకున్న నీళ్లను ఐదో రోజు మనమే పారబోస్తాం! మూత పెట్టి ఉంచిన నీళ్లు నాలుగు రోజుల్లో పాసిపోవు. తాగడానికి మనసొప్పకపోతే మరగబెట్టుకోండి, లేదా బట్టలకు, బండలు కడగడానికి వాడండి.

కానీ ఇక్కడ ఒక జాగ్రత్త. నీళ్లు పొదుపు చేయమంటే మూత లేకుండా పదిహేను రోజులు దాచమని కాదు. డెంగీ తెచ్చే దోమ మురికి నీళ్లలో కాదు, మనం దాచుకునే మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. అందుకని వారానికొక రోజు ప్రతి డ్రమ్మునూ ఖాళీ చేసి, అంచులు కొబ్బరిపీచుతో రుద్ది, ఆరబెట్టాలి. గుడ్లు అంచుకే అంటుకుని ఉంటాయి కాబట్టి నీళ్లు మార్చితే చాలదు, రుద్దాలి. ఖాళీ చేసేది నల్లా వచ్చే రోజుకు ముందు రోజు పెట్టుకుంటే అడుగు నీళ్లు బట్టలకు వాడుకోవచ్చు. మూత లేని డ్రమ్ముకు గుడ్డ కట్టండి. ఊరికంతా చద్దర్లు నేసి ఇచ్చే మనకు డ్రమ్ము మూతికి మూరెడు గుడ్డ కరువా?

ఇక కాంపౌండు సంగతి. మన సొసైటీ ముందు ఒక ముక్క పచ్చగడ్డి పెంచుదామని కిందటేడు ఒక ప్రతిపాదన వచ్చింది. పిల్లల ఆటకు బాగుంటుందన్నారు. నాకూ ఇష్టమే. కానీ మన ఊరి ఎండలో పచ్చగడ్డి రోజూ తాగుతుంది. వేప, కానుగ అలా కాదు. మొదటి రెండు ఎండాకాలాలు కాపాడితే ఆ తర్వాత తమ బతుకు తాము బతుకుతాయి, పైగా నీడనిస్తాయి. మొక్క పక్కన మట్టి కుండ పాతి నింపి మూత పెడితే నీళ్లు కొద్దికొద్దిగా ఊరి వేరుకే అందుతాయి. ఇది మన తాతలకు తెలిసిన పనే. మొదట్లో ఎండుటాకులు పరిస్తే తేమ ఆగుతుంది. నీళ్లు మిట్టమధ్యాహ్నం కాక పొద్దుగూకాక పోయాలి. స్నానాల గది నీళ్లు మోరీలో కలపకుండా, కంకర, ఇసుక నింపిన గుంటలోంచి మళ్లించి అరటికి, కరివేపాకుకు ఇవ్వవచ్చు. మరుగుదొడ్డి నీళ్లు మాత్రం ఎప్పుడూ అందులో కలవకూడదు.

వాన నీళ్ల లెక్క ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. ఒక చదరపు మీటరు డాబా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మన ఊళ్లో ఏడాదికి సగటున దాదాపు 550 మిల్లీమీటర్ల వాన. మన డాబా రెండు వేల చదరపు అడుగులు, అంటే 186 చదరపు మీటర్లు. గుణించండి: లక్ష లీటర్లు దాటుతుంది. ఐదో వంతు పోయిందనుకున్నా 80 వేల లీటర్లు. నాలుగు సంపుల నీళ్లు మన నెత్తి మీద పడి మోరీలో కలుస్తున్నాయి. మొదటి వాన డాబా దుమ్మును కడుగుతుంది, దాన్ని వదిలేయాలి. ఆ తర్వాతి నీళ్లను జాలి, ఇసుక మీదుగా సంపుకో బోరు పక్క గుంటకో మళ్లించాలి. మన నేల కింద నల్లరాయి. రాతిలో పగుళ్లున్న చోటే నీళ్లు నిలుస్తాయి. అందుకే గుంట ఎక్కడ తవ్వాలో బోర్లు తెలిసినవాళ్లను అడిగి తవ్వాలి. ఎక్కడ పడితే అక్కడ తవ్వితే కూలి దండగ.

ఇప్పుడు వెనక వరుస సోదరుడి అసలు ప్రశ్నకు వస్తాను. "మనకే 41 లీటర్లు. బంగళాల్లో కార్లు పైపు పెట్టి కడుగుతరు. కొన్ని కార్ఖానాలు రంగు నీళ్లు అట్లనే వదుల్తయి. వాళ్లను వదిలి పేదోళ్లకు పొదుపు చెప్తరా?" నిజం. నూటికి నూరుపాళ్లు నిజం. మన పొదుపు వాళ్ల దుబారాకు మాఫీ పత్రం కాకూడదు. మనం ఒక బకెట్ మిగిల్చామని మహాపాలిక మనకు ఇచ్చే నీళ్లలో ఒక బకెట్ తగ్గిస్తే ఒప్పుకునేది లేదు. మన డిమాండ్లు అలాగే ఉంటాయి: నల్లా వేళ ముందుగా చెప్పాలి, పేదపేటలకూ బంగళాలకూ ఒకే పాళీ ఉండాలి, వీధి పైపుల లీకులు ఫిర్యాదు చేసిన రోజే చూడాలి, రంగు నీళ్లు శుద్ధి చేయకుండా వదిలేవాళ్ల మీద చర్య తీసుకోవాలి.

కానీ ఒక మాట ఆలోచించండి. పగారు పెంచమని అడిగేటప్పుడు మనం ఊరకే అడగం. బియ్యం ధర, కిరాయి, పిల్లల ఫీజు లెక్క రాసుకుని పోతాం. లెక్క ఉన్నవాడి మాటకు బరువు. నీళ్ల దగ్గర కూడా అంతే. "మా టాకీలో రాత్రికి ఒక సెంటీమీటరు కూడా పోవడం లేదు. మనిషికి 41 లీటర్లే వస్తున్నాయి. ఇదిగో పుస్తకం, మా వాటా ఏదీ?" అని అడిగితే అధికారి ఏం చెబుతాడు? పుస్తకం లేకపోతే ఒక్క మాటతో తిప్పి పంపుతాడు: "మీరే వృథా చేస్తున్నారు." 2024లో మనల్ని ఎవరైనా ఆ మాట అని ఉంటే, సోదరులారా, అది నిజమే అయ్యుండేది.

మన కార్మికులు కొట్లాడి ఇళ్లు సాధించుకున్నారు. కుంభారి దగ్గర గోదూతాయి పరుళేకర్ పేరుతో బీడీ కార్మిక మహిళలకు పదివేల ఇళ్లు 2006లో చేతికొచ్చాయి. అక్కడే రాయ్‌నగర్‌లో 15 వేల ఇళ్ల తాళాలు 2024 జనవరిలో ఇచ్చారు. దేశంలో ఇంత పెద్ద కార్మిక వసతులు అరుదు. కానీ ఒక్క లెక్క చూడండి. 15 వేల ఇళ్లలో ఇంటికొక నల్లా గంటకు ఒక్క లీటరు చొప్పున కారితే రోజుకు 3 లక్షల 60 వేల లీటర్లు. ఇల్లు సాధించడం పెద్ద కొట్లాట. ఆ ఇల్లు నిలబెట్టుకోవడం చిన్న చిన్న పనుల కొట్లాట. దానికి జెండాలు ఉండవు, వాషర్లు ఉంటాయి.

"అందరిదీ అంటే ఎవరిదీ కాదు" అని ఒక మాట ఉంది. రెండేళ్లు ఆ పాకుడు చూసి కూడా ఎవరూ కదలలేదు కాబట్టి ఆ మాట నిజమనిపిస్తుంది. నేను ఒప్పుకోను. మన యూనియన్ చందా కూడా అందరిదే కదా! పైసాతో సహా లెక్క ఉంటుంది. ఏడాదికోసారి చదివి వినిపిస్తాం. ఎవరైనా లేచి అడగవచ్చు. ఈ ఊరి నడుమనున్న సిద్ధేశ్వర చెరువు సిద్ధరామేశ్వరుల కాలంలో నలుగురూ కలిసి తవ్వినదని పెద్దలు చెబుతారు. అందరిదాన్ని అందరూ చూసుకునే తెలివి ఈ మట్టిలో ఉన్నదే. అందరిదైన దానికి ఒక పుస్తకం, ఒక పాళీ ఉంటే అది నిలుస్తుంది.

అందుకని ఈ సభ ముందు ఐదు ప్రతిపాదనలు పెడుతున్నాను.

ఒకటి. ప్రతి నెలా మొదటి సెలవు రోజు రాత్రి టాకీ మట్టం కొలవాలి. పదకొండింటికి, ఐదింటికి. అంకె బోర్డు మీద రాయాలి. రెండు సెంటీమీటర్లు దాటితే మర్నాడే వెతకాలి.

రెండు. నెలకు రెండు ఇళ్ల చొప్పున "నీళ్ల పాళీ". మోటారు వేయడం, టాకీ నిండగానే బంద్ చేయడం, నల్లాలు చూడడం వాళ్ల పని. పాళీలో మగవాళ్ల పేరే రాయాలి. ఆడవాళ్లు చేసే నీళ్ల పని ఇప్పటికే చాలు.

మూడు. మెయింటెనెన్స్ డబ్బులోంచి వాషర్లు, రబ్బర్లు, టేపు కొని సొసైటీ గదిలో డబ్బాలో ఉంచాలి. కారే నల్లా ఎవరి ఇంట్లోదైనా సొసైటీ ఖర్చుతోనే బాగు చేయాలి. లేకపోతే డబ్బులేనివాడు దాచిపెడతాడు.

నాలుగు. ఈ వానాకాలం లోపల డాబా నీళ్లు సంపుకు మళ్లించే పైపు వేయాలి. పచ్చగడ్డి బదులు వేప, కానుగ మొక్కలు నాటాలి.

ఐదు. నీళ్ల తగవు వస్తే, కొలత అయ్యేదాకా ఏ కుటుంబం పేరూ తీర్మానంలో రాయకూడదు.

మొదటి నాలుగింటిలో మీరు మార్పులు చేర్పులు చెప్పండి, వింటాను. ఐదోది మాత్రం ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోవాలని చేతులు జోడించి అడుగుతున్నాను. అది నీళ్ల సంగతి కాదు, మన సంగతి. నీళ్లు తక్కువైన చోట మొదట ఎండేది గొంతు కాదు, పక్కింటివాళ్ల మీద నమ్మకం. ఆ నమ్మకం పోయిన బిల్డింగు రేపు కార్ఖానా గేటు ముందు ఒక్కటిగా ఎలా నిలబడుతుంది?

ఆ పెద్దమ్మ ఇక్కడే మూడో వరుసలో కూర్చుంది. పేరు చెప్పవద్దని చెప్పింది, చెప్పను. అక్కా, ఇకనుంచి ముందు సాంచానే చూస్తాం.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!